మూత్రాశయ క్యాన్సర్ చికిత్స నడుస్తుండగా పసుపు బిళ్లలు, ఆకు కషాయాలు: ఇంట్లో ఎలా చూసుకోవాలి

మా పెద్దనాన్నకు మూత్రాశయంలో గడ్డ ఉందని తేలిన పది రోజులకు నేను ఊరెళ్లాను. అప్పటికే వాళ్లింట్లో ఫ్రిజ్ మీద ఒక గుడ్డ సంచీ చేరింది. అందులో పసుపు క్యాప్సూళ్లు, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా, సగం తాగిన తిప్పతీగ రసం సీసా, లక్ష్మణ ఫలం ఎండుటాకులు, న్యూస్ పేపర్లో చుట్టిన బూడిదరంగు పొడి పొట్లం. పొట్లం మీద పేరు లేదు. "డాక్టరుకి చెప్పారా పెద్దనాన్నా?" అని అడిగితే, "ఇవన్నీ ఆకులూ అలములే కదరా, వీటి గురించి డాక్టరుకేం చెప్తాం" అన్నారు.

నేను డాక్టర్ని కాను. ఆయన వెంట ఆస్పత్రికి తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది మీకు పనికొచ్చే వరసలో పెడుతున్నాను. చికిత్స మానేసి మొక్కలతో నయం చేసుకోవడం ఎలా అని వెతుకుతున్నవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు. ఈ జబ్బును ఒంటిచేత్తో నయం చేసినట్టు రుజువైన ఆకుగానీ వేరుగానీ లేదు. చికిత్స జరుగుతుండగా వంటింట్లోంచి ఏది ధైర్యంగా తీసుకోవచ్చు, ఏది డాక్టరు ముందు పెట్టి అడగాలి, ఏది పారబొయ్యాలి అన్నదే ఇక్కడి సంగతి.

ఇంకా పరీక్షలే చేయించుకోనివాళ్లు ఉంటే వాళ్లకు ముందుగా ఒక మాట. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే మన ఇళ్లలో మొదట అనేది "వేడి చేసింది" అనే. సబ్జా నీళ్లు, బార్లీ, పల్లేరుకాయల కషాయం తాగిస్తారు. రెండ్రోజుల్లో ఎరుపు పోతుంది, కషాయం పనిచేసిందనుకుంటాం. ఈ జబ్బులో కషాయం తాగినా తాగకపోయినా రక్తం అలాగే కనిపించి మాయమవుతుంది, నెలల తర్వాత మళ్లీ వస్తుంది. ముందురోజు బీట్‌రూట్ తిన్నా ఎర్రగా రావచ్చు, నిజమే. అయినా మూత్ర పరీక్ష చేయించి, అందులో రక్తం ఉందంటే యూరాలజిస్టును కలవండి. నలభై దాటినవాళ్లు, పొగ తాగేవాళ్లు అస్సలు వాయిదా వేయొద్దు.

1. ఏ చికిత్స, ఏ తేదీన? ఒక కాగితం మీద రాయండి

గడ్డ లోపలి పొరల్లోనే ఉందా, కండరంలోకి దిగిందా అని డాక్టర్ని అడిగి రాసుకోండి. మొదటిసారి బయటపడేటప్పటికి నలుగురిలో దాదాపు ముగ్గురికి కండరం దాకా దిగని రకమే ఉంటుంది. వాళ్లకు మూత్రనాళం గుండా స్కోపు పంపి గడ్డను గీకి తీస్తారు. దీన్నే టీయూఆర్‌బీటీ అంటారు. మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు ఆ తర్వాత వారానికోసారి చొప్పున 6 వారాలు బీసీజీ అనే మందును (బలహీనపరిచిన, బతికున్న బ్యాక్టీరియా) మూత్రాశయంలోకే ఎక్కిస్తారు. కండరంలోకి దిగితే సిస్‌ప్లాటిన్ అనే మందు ఉన్న కీమో ఇచ్చి మూత్రాశయాన్ని తీసేయడమో, లేదంటే కీమోతో కలిపి రేడియేషన్ ఇవ్వడమో చేస్తారు. ముదిరినవాళ్లకు ఇమ్యునోథెరపీ, అంటే శరీరపు రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు, ఉంది.

ఇదంతా ఎందుకంటే, ఒకే క్యాప్సూలు ఆపరేషన్‌కు ముందు ఒక రకమైన ఇబ్బంది, కీమోలో మరో రకమైన ఇబ్బంది తెస్తుంది. తేదీలు చేతిలో లేకుండా "పసుపు బిళ్లలు వేసుకోవచ్చా" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

2. సంచీ టేబుల్ మీద బోర్లించండి

మేం అదే చేశాం. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రల్ని కూడా ఆ వరసలోనే పెట్టి ఒక్కోదానికి నాలుగు సంగతులు రాశాం: పేరు, అందులో ఏముంది, రోజుకు ఎంత, ఎప్పట్నుంచి. సీసా వెనక వైపు లేబుల్‌ను ఫోన్లో ఫొటో తీసుకోండి, ముందువైపు బొమ్మలతో పనిలేదు. మా సంచీలో పసుపు మూడు రకాలుగా తేలింది. క్యాప్సూల్లో ఒకటి, ఇమ్యూనిటీ పొడిలో ఒకటి, రాత్రి పాలల్లో ఒకటి. ఎవరికి వారు కొంచెమే అనుకుని పెట్టారు.

పేరు లేని పొట్లాన్ని పట్టికలో రాయనక్కర్లేదు. దాన్ని వాడకుండా పక్కన పెట్టి, డాక్టరుకు చూపించి పారేయండి. ఇచ్చినాయన ఎంత పెద్దమనిషైనా సరే.

3. వంటింటి మోతాదు, మందు మోతాదు విడదీయండి

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మూత్రాశయం ఒక తొట్టి లాంటిది. మనం తిన్నది, తాగింది, పీల్చింది రక్తంలో కలిసి, కిడ్నీలు వడగట్టాక ఆ తొట్టిలో గంటల తరబడి నిలుస్తుంది. కాబట్టి ఏ మొక్క పదార్థం గురించి విన్నా అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది మూత్రం దాకా చేరుతుందా?

పసుపునే తీసుకోండి. అందులో పనిచేస్తుందనే కర్కుమిన్ సుమారు 3 శాతమే. చెంచా పసుపులో వంద మిల్లీగ్రాములకు అటూ ఇటూ. 2001లో వచ్చిన ఒక తైవాన్ అధ్యయనంలో 25 మందికి రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ దాకా ఇచ్చి చూశారు. అంత మింగినా రక్తంలో కనబడింది అత్యల్పం, మూత్రంలో దాని జాడే లేదు. మూత్రాశయ గడ్డ తీయించుకున్నవాళ్లు అందులో ఇద్దరుంటే ఒకరికి కణజాలంలో మెరుగు కనిపించింది. పసుపు ప్రకటనల్లో ఆ ఒకరి గురించే చెబుతారు. ఇద్దరిలో ఒకరిని చూసి మందు అనలేం. ల్యాబులో గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాలు చచ్చాయంటే, అక్కడ పోసిన మోతాదు మన రక్తంలోకి చేరేదానికి ఎన్నో రెట్లుంటుందని గుర్తుపెట్టుకోండి.

సరిగ్గా అందుకే క్యాప్సూళ్లలో మిరియాల సారం, అంటే పైపరిన్, కలుపుతారు. 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు వాళ్లు చూపించారు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ మందుల్ని విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైములను ఆపడం వల్లే పైపరిన్ ఆ పని చేయగలుగుతోంది. కీమో మందులు, గుండె మందులు, రక్తం పలచబరిచే మాత్రల్లో కొన్ని కూడా ఆ దారినే పోవాలి. పైగా ఈ గాఢమైన పసుపు బిళ్లలతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీ, అమెరికాల్లో నమోదయ్యాయి. పప్పులో పసుపు, చారులో మిరియాలు వేసుకుంటే ఈ బెడద లేదు. మా పెద్దమ్మ పోపు మానక్కర్లేదు, క్యాప్సూలు మానితే చాలు.

గ్రీన్ టీ కూడా ఇంతే. రోజుకు రెండు మూడు కప్పులు తాగితే తాగనివ్వండి. దాని సారం నింపిన క్యాప్సూళ్లలో ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన వెళ్తే కాలేయపు ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. కొన్ని డబ్బాల మీద రెండు క్యాప్సూళ్లకే ఆ లెక్క దగ్గరపడుతుంది.

ఇక మూత్రం దాకా నిజంగానే చేరే రకం ఒకటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, ముల్లంగి, ఆవాలు. వీటిని కోసినా నలిపినా పుట్టే ఘాటైన పదార్థాలను ఐసోథయోసయనేట్లు అంటారు. మునగాకులోనూ ఈ జాతివే ఉన్నాయి. ఇవి శరీరంలో తిరిగి ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి వస్తాయి. అందుకే మూత్రాశయ క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లకు ఈ కూరల మీద అంత ఆసక్తి. మనుషుల్లో జబ్బును ఆపుతాయన్న రుజువు ఇంకా లేదు, కానీ ఇవి ఎలాగూ తినాల్సిన కూరలే.

ఒక చిక్కుంది. ఆ ఘాటు పుట్టాలంటే కూరలో ఉండే ఒక ఎంజైము బతికుండాలి. బాగా ఉడికిస్తే అది పోతుంది. పచ్చి ఆవపిండి కలిపితే ఆవాల్లో ఉన్న అదే ఎంజైము లోటు తీరుస్తుంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది మన ఆవపెట్టిన కూరే. క్యాబేజీని సన్నగా తరిగి పది నిమిషాలు వదిలేయండి. ఆవిరి మీద కొంచెం కరకరలాడేలా ఉడికించి పోపులో వేయండి. రెండు చెంచాల ఆవాలు నానబెట్టి, ఒక ఎండుమిర్చి, ఉప్పు వేసి ముక్కుకు ఘాటెక్కేదాకా నూరండి. స్టవ్ ఆపి, కూర గోరువెచ్చనయ్యాక ఆ ముద్ద కలపండి. మంట మీద కలిపితే కూర చేదెక్కుతుందని పెద్దవాళ్లు తిట్టేది ఊరికే కాదు. వారానికి రెండుసార్లు చేసుకోవచ్చు. రక్తం పలచబరచడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం ఆకుకూరలు, క్యాబేజీ ఒక వారం కుప్పలుగా, ఒక వారం అసలు లేకుండా తినొద్దు. ఎప్పుడూ ఒకే తీరుగా ఉండాలి.

4. వీటిని పూర్తిగా పక్కన పెట్టండి

ఈశ్వరి వేరు, గాడిదగడపాకు. రెండూ అరిస్టోలోకియా జాతివి. పాముకాటుకని, కడుపులో పురుగులకని పల్లెల్లో వాడతారు. వీటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేయడమే కాదు, మూత్రనాళాల్లో, మూత్రాశయంలో క్యాన్సర్ పుట్టిస్తుంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గే మూలికా మందులో ఈ జాతి మొక్క కలిసింది. ఎంతోమందికి కిడ్నీలు పోయాయి. పాడైన కిడ్నీలు, మూత్రనాళాలు ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే క్యాన్సర్ ఉందని 2000లో తేలింది. "మొక్కే కదా, ఏం చేస్తుంది" అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

బిళ్లగన్నేరు. దీని కథ తిరకాసుగా ఉంటుంది. మన పెరట్లో పూసే ఈ మొక్క నుంచే వింబ్లాస్టిన్ వచ్చింది. మూత్రాశయ క్యాన్సర్‌కు చాలా ఏళ్లు ప్రధానంగా వాడిన నాలుగు మందుల కీమోలో అది ఒకటి. కాబట్టి మొక్కల్లో మందు లేదని ఎవరూ అనరు. అయితే ఆస్పత్రిలో దాన్ని శుద్ధి చేసి, ఎత్తు, బరువును బట్టి మిల్లీగ్రాముల్లో లెక్కకట్టి, రక్తకణాల కౌంట్ చూసుకుంటూ నరంలోకి ఎక్కిస్తారు. ఏ ఆకులో ఎంతుందో తెలియకుండా గుప్పెడు నూరి తాగితే ఎముక మజ్జ, నరాలు దెబ్బతింటాయి. షుగరుకని రోజూ నాలుగాకులు నమిలే అలవాటుంటే అదీ ఆపించండి.

లక్ష్మణ ఫలం ఆకుల కషాయం. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ జాతి పళ్లు, ఆకుల టీ బాగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్ అనే వణుకుడు రోగాన్ని పోలిన జబ్బు ఎక్కువ కనిపించింది. ఇందులోని అనోనాసిన్ నరాలకు విషం. ఎప్పుడైనా ఒక పండు తింటే ఫరవాలేదు, రోజూ కషాయం వద్దు.

తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీకని తాగినవాళ్లలో కాలేయం వాచిన కేసులు ముంబై డాక్టర్లు ప్రచురించారు. శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసే తరహాలో అవి ఉన్నాయి. ఇమ్యునోథెరపీ మందులకు కూడా అదే దుష్ఫలితం ఉండొచ్చు, రెండూ కలిస్తే ఏది చేసిందో కూడా తెలియదు.

విటమిన్ బీ17 పేరుతో అమ్మే ఆప్రికాట్ గింజలు శరీరంలో సయనైడ్‌గా మారతాయి. పేరు తెలియని భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. సిస్‌ప్లాటిన్ ఇప్పటికే కిడ్నీ మీద బరువు వేస్తుంది, దానిమీద ఇవి వద్దు. విటమిన్ ఈ మాత్రలు మొక్కల మందు కాకపోయినా చెప్పాలి: బ్రిటన్‌లో మూత్రాశయ క్యాన్సర్ రోగులు 270 మంది పాల్గొన్న పరీక్షలో విటమిన్ ఈ తీసుకున్నవాళ్లకు గడ్డ మళ్లీ రావడం పెరిగిందని 2023లో తేలింది. యాంటీఆక్సిడెంట్ అనగానే మంచిదేననుకోవడానికి లేదు.

5. క్యాలెండరు ప్రకారం ఏది ఆపాలి

ఆపరేషన్‌కు, టీయూఆర్‌బీటీకి రెండు వారాల ముందు నుంచి వెల్లుల్లి క్యాప్సూళ్లు, అల్లం, పసుపు, జింకో అనే చెట్టు ఆకుల సారాలన్నీ ఆపండి. రక్తం గడ్డకట్టడం ఆలస్యం కావచ్చు. కూరలో వెల్లుల్లి రెబ్బలకు ఈ నిషేధం లేదు. డాక్టరు రాసిన రక్తం పలచబరిచే మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, వాటికి లెక్క ఆయనే చెబుతారు.

బీసీజీ రోజు సంగతి వేరు. మందు మూత్రాశయంలో రెండు గంటలు నిలవాలి. అందుకే మామూలుగా నాలుగు గంటల ముందు నుంచి నీళ్లు, టీ, కాఫీ తగ్గించమంటారు. ఆ ఉదయం బార్లీ నీళ్లు, పల్లేరుకాయలు, కొండపిండి ఆకు కషాయం తాగారంటే గంటకే ఆగలేక వెళ్లిపోతారు, ఎక్కించిన మందు కమోడ్ పాలవుతుంది. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. వేడి చేయకుండా ఉంటుందని పెద్దమ్మ ప్రేమగా చెంబుడు బార్లీ ఇచ్చి పంపింది. రెండు గంటలు అయ్యాక మాత్రం నీళ్లు బాగా తాగాలి. ఆ తర్వాత 6 గంటల పాటు మగవాళ్లయినా కూర్చునే మూత్రం పోయాలి. ప్రతిసారీ కమోడ్‌లో బ్లీచ్ పోసి 15 నిమిషాలు ఆగి ఫ్లష్ చేయాలి, అది బతికున్న బ్యాక్టీరియా కదా.

కీమో వారాల్లో విరేచనాలు చేయించే సునాముఖి, త్రిఫల చూర్ణాలు అడక్కుండా వాడొద్దు. ఒంట్లో నీరు పోతే సిస్‌ప్లాటిన్ కిడ్నీని మరింత దెబ్బతీస్తుంది. తెల్లకణాలు తగ్గినప్పుడు గోధుమగడ్డి రసం, పచ్చి ఆకు రసాలు వద్దు, వాటి మీది మట్టిలో ఉండే క్రిములు చాలు జ్వరం రావడానికి. రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటే కొబ్బరినీళ్లు, పళ్లరసాలు కూడా అడిగే తాగాలి. వాటిలోని పొటాషియం బయటికి పోక గుండెకు ఇబ్బంది అవుతుంది. ఇది చాలామందికి తట్టదు, రోగిని చూడ్డానికి వచ్చేవాళ్లు తెచ్చేవే బోండాలు కదా.

6. డాక్టర్ని ఇలా అడగండి

"ఆయుర్వేదం వాడొచ్చా సార్" అని అడిగితే "వద్దు" అనే ఒక్క మాట వస్తుంది. ఓపీలో వాళ్లకు ఉండేది మూడు నిమిషాలు. పట్టిక చేతికిచ్చి ఇలా అడగండి: "ఈ అయిదింటిలో కీమోకు అడ్డొచ్చేవి ఏవి సార్? ఆపరేషన్‌కు ఎన్ని రోజుల ముందు ఆపాలి? లివర్, కిడ్నీ పరీక్షలు ఎప్పుడు చేయించాలి?" తిడతారేమోనని దాచొద్దు. మా డాక్టరు కూడా మొదట మొహం చిట్లించారు, తర్వాత పెన్ను తీసి మూడింటిని కొట్టేశారు. పెద్ద ఆస్పత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు ఉంటే వాళ్లు ఇంకా ఓపిగ్గా చూస్తారు. ఇంగ్లిష్ చదవగలిగే పిల్లలుంటే న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి నడిపే 'అబౌట్ హెర్బ్స్' పేజీలో ఒక్కో మూలిక పేరు కొట్టి చూడమనండి, ఉచితమే.

ఆయుర్వేద వైద్యుణ్ణి కలిస్తే కూడా అంతే. డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లనే కలవండి, కీమో కాగితాలు ముందు పెట్టండి. కీమో ఆపితేనే నా మందు పనిచేస్తుందని ఎవరైనా అంటే అక్కణ్ణించి లేచి వచ్చేయండి.

7. కొనాల్సి వస్తే, వాడుతుంటే

డాక్టరు సరేనన్నదాన్నే కొనండి. ఆహార సప్లిమెంట్ అయితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశపు ఆహార భద్రతా సంస్థ) నంబరు, ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు తేదీ ఉండాలి. క్యాన్సర్ నయం చేస్తుందని సీసా మీదో పేపర్లోనో రాస్తే అది 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అంటే ఆ మాట రాసిన కంపెనీ మొదటి అడుగులోనే చట్టం తప్పింది.

ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టండి. మూడూ ఒకేసారి మొదలుపెడితే దద్దుర్లు దేనివల్ల వచ్చాయో తెలియదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు గోధుమరంగులోకి మారినా, ఒళ్లంతా దురద పెట్టినా, మూత్రం తగ్గినా వెంటనే ఆపి సీసాతో సహా ఆస్పత్రికి వెళ్లండి. బీసీజీ తర్వాత 101 డిగ్రీలు దాటి జ్వరం వస్తే కషాయంతో చూద్దామనుకోవద్దు, అదే రోజు ఫోన్ చేయండి. మందు వికటించిందని ఫిర్యాదు చేయడానికి 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరు ఉంది.

మొక్కల గురించి ఇంత చెప్పాక ఇంకో మొక్క మిగిలింది. పొగాకు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి కారణం అదే. బీడీ, చుట్ట, సిగరెట్ ఏదైనా దాని విషాలు రక్తంలోంచి వడకట్టుకుని ఆ తొట్టిలోనే కూర్చుంటాయి. ఫ్రిజ్ మీది సంచీ ఖాళీ చేసిన రోజు మా పెద్దనాన్న చొక్కా జేబులో చుట్టలు అలాగే ఉన్నాయి. పసుపు క్యాప్సూళ్లకు నెలకు ఎంతవుతుందో లెక్కేసుకున్నాం గానీ దాన్ని ఎవరూ అడగలేదు. మానడం కష్టంగా ఉంటే 1800-11-2356 కు ఫోన్ చేయించండి, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది. ఆయన మూడో ప్రయత్నంలో మానేశారు.